వారంలో పేపర్, నెలలో స్కోపస్: పబ్లికేషన్ ప్యాకేజీ కొనేముందు చూడాల్సినవి

గుంటూరు బ్రాడీపేటలో థీసిస్ బైండింగ్ చేసే షాపుల్లో, విజయవాడ ఏలూరు రోడ్డు డీటీపీ సెంటర్లలో, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్రకటన తిరుగుతోంది. "పేపర్ పబ్లికేషన్, ఐఎస్ఎస్ఎన్, డీఓఐ, సర్టిఫికెట్ గ్యారంటీ. టైటిల్ ఇస్తే చాలు సార్, మిగతాది మేం చూసుకుంటాం." ఐఎస్ఎస్ఎన్ పత్రికకు, డీఓఐ పేపర్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్లు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చేముందు, ప్రమోషన్ ఫైళ్ళు కదిలేటప్పుడు, పీహెచ్‌డీ ప్రీసబ్మిషన్ దగ్గరపడ్డప్పుడు వీటి జోరు పెరుగుతుంది. మామూలు ఐఎస్ఎస్ఎన్ జర్నల్‌కైతే వేలల్లో, స్కోపస్ అనే అంతర్జాతీయ జాబితాలో ఉన్న జర్నల్ అంటే పదివేలల్లో అడుగుతారు. ఈ సమీక్ష ఏ ఒక్క షాపు మీదా కాదు. ఎక్కడ అడిగినా ప్యాకేజీలో ఉండేవి దాదాపు అవే: ఫార్మాటింగ్, సిమిలారిటీ (వేరే రచనలతో పోలిన శాతం) తగ్గించడం, ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో అనాలిసిస్, జర్నల్‌లో వేయించడం, సర్టిఫికెట్, కొన్నిచోట్ల కొసరుగా ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వం.

ముందే చెప్పేస్తున్నాం: ఫార్మాటింగ్‌కి డబ్బులివ్వచ్చు, మిగతావాటికి ఇవ్వొద్దు. జర్నల్‌కి విలువ వచ్చేది సబ్జెక్టు తెలిసిన మనిషి మీ పేపర్ ముందేసుకుని చదివి, తప్పులు పట్టుకోవడం వల్ల. ఈ ప్యాకేజీల్లో లేనిది సరిగ్గా ఆ చదవడమే. ఇలాంటి జర్నళ్ళకు కావాలని బూటకపు పేపర్లు పంపి పరీక్షించినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ లెక్కలన్నీ అచ్చయి ఉన్నాయి. ప్యాకేజీలో ఒక్కో అంశాన్నీ ఆ లెక్కల పక్కన పెట్టి చూస్తే ఇచ్చిన డబ్బుకి ఏం వస్తుందో తెలిసిపోతుంది.

వాటిలో బాగా పేరుపడ్డ పరీక్ష 2013లో జరిగింది. జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు ఒక ఉత్తుత్తి పేపర్ తయారుచేసి, రచయిత పేరూ సంస్థ పేరూ మారుస్తూ 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నళ్ళకు పంపి, ఫలితాన్ని ఆ ఏడాది అక్టోబరులో 'సైన్స్' పత్రికలో బయటపెట్టారు. ఒక ప్రతిలో రచయిత ఒకోరాఫూ కొబాంగే, సంస్థ ఎరిట్రియాలోని అస్మారాలో వాసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్. ఆ మనిషీ లేడు, ఆ సంస్థా లేదు. 157 జర్నళ్ళు వేసుకుంటామన్నాయి, 98 తిప్పికొట్టాయి. మిగిలినవాటిలో 29 పట్టించుకునే నాథుడు లేని వెబ్‌సైట్లు, 20 ఇంకా పరిశీలిస్తున్నామన్నవి. పరీక్షకు పెట్టినవాటిలో దాదాపు మూడో వంతు మన దేశం నుంచి నడిచేవే. మన జర్నళ్ళలో 64 ఒప్పుకున్నాయి, 15 మాత్రమే కాదన్నాయి.

గుంటూరు చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల స్కాలర్లు ఆ పేపర్‌లో తప్పులు ఎక్కడ పెట్టారో తప్పకుండా చూడాలి, ఎందుకంటే వాళ్ళు ల్యాబులో చేసే పని కూడా అలాంటిదే. బండల మీదా చెట్ల బెరడు మీదా పెరిగే లైకెన్ నుంచి తీసిన ఒక పదార్థం క్యాన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుందని పేపర్ సారాంశం. మోతాదు పెంచేకొద్దీ ప్రభావం పెరిగిందని గ్రాఫ్ కింద రాశారు. గ్రాఫ్ చూస్తే మోతాదు లక్ష రెట్లు మారినా ప్రభావం ఉన్నచోటే ఉంది. మందు కలిపిన ద్రావణంలో ఆల్కహాల్ బాగా ఉంది, పోలిక కోసం మందు ఇవ్వకుండా ఉంచిన కంట్రోల్ కణాలకు మాత్రం ఆ ఆల్కహాల్ ఇవ్వలేదు. అంటే కణాలను చంపింది మందో ఆల్కహాలో చెప్పే దారి లేదు. రేడియేషన్ ప్రయోగంలోనైతే కంట్రోల్ కణాలకు అసలు రేడియేషనే ఇవ్వలేదు. ఇవేవీ దాచిపెట్టిన తప్పులు కావు. గ్రాఫ్ ఒకసారి చూసి, పద్ధతుల భాగం ఒకసారి చదివితే ఎంఫార్మసీ విద్యార్థికి కూడా దొరుకుతాయి.

దీన్ని మన ల్యాబులోకి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. మిర్చి నుంచో వేపాకు నుంచో తీసిన సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కలిపి, 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటులో, కణాలు ఎన్ని బతికున్నాయో చూపే ఎంటీటీ పరీక్ష చేస్తారు. డీఎంఎస్ఓ కూడా ఎక్కువైతే కణాలను చంపుతుంది కాబట్టి తుది గాఢత సాధారణంగా 0.5 శాతం దాటనివ్వరు. సారం లేకుండా, అంతే డీఎంఎస్ఓ ఉన్న వెల్స్ అదే ప్లేటులో ఉండాలి. అవి లేకుండా ఉత్త మీడియంతో పోల్చి శాతాలు వేస్తే, లైకెన్ పేపర్‌లో కావాలని పెట్టిన తప్పే మీ పేపర్‌లో తెలియక పడ్డట్టు. జర్నల్ తరఫున పేపర్ చదివే రివ్యూయర్ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. ప్యాకేజీలో వచ్చిన యాక్సెప్టెన్స్ లెటర్‌లో ఈ ప్రశ్న లేకపోతే, ఆ పేపర్‌ని ఎవరూ చదవలేదని నమ్మకంగా అనుకోవచ్చు.

అందుకే ప్యాకేజీ అమ్మేవాళ్ళను అడగాల్సిన మొదటి మాట "ఎన్ని రోజులు" అని కాదు, "రివ్యూయర్ కామెంట్లు ఇస్తారా" అని. బొహానన్ లెక్కలో నిర్ణయం పూర్తయిన 255 పేపర్లలో సుమారు 60 శాతానికి రివ్యూ జరిగిన ఆనవాలే లేదు. ఏదో ఒక రివ్యూ చేశామన్న 106 జర్నళ్ళలోనూ 70 శాతం చివరికి ఒప్పుకున్నాయి. ఆ రివ్యూల్లో ఎక్కువభాగం పేజీ అమరిక, ఫార్మాట్, భాష గురించే. పేపర్‌లోని శాస్త్రపరమైన లోపాన్ని పట్టుకున్న కామెంట్లు వచ్చింది 36 సార్లు. అందులోనూ 16 సార్లు, రివ్యూయర్ మొత్తుకున్నా ఎడిటర్ ఒప్పేసుకున్నాడు.

కామెంట్లు వచ్చాయి కదా అని షాపువాళ్ళు ఒక కాగితం చూపిస్తారు. దాన్ని ఎలా చదవాలో చెప్పడానికి 2014 నాటి ఇంకో ఉదంతం ఉంది. పీటర్ వాంప్లూ అనే ఆస్ట్రేలియా కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడికి ఒక జర్నల్ నుంచి అదేపనిగా మెయిళ్ళు వస్తుంటే, డేవిడ్ మాజియర్, ఎడ్డీ కోలర్ 2005లో తయారుచేసి పెట్టిన ఒక పేపర్‌ని జవాబుగా పంపారు. పది పేజీల ఆ పేపర్‌లో మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఒకటే వాక్యం, మీ మెయిలింగ్ లిస్టులోంచి నన్ను తీసేయమని, అదీ బూతు మాటతో. బొమ్మల్లోనూ అదే వాక్యం. ఆ పేపర్ 'ఎక్సలెంట్' అని రేటింగ్ వచ్చింది. కొత్త రిఫరెన్సులు ఇంకొన్ని చేర్చండి, ఫార్మాట్ కొంచెం సరిచేయండి, 150 డాలర్లు కట్టండి అని జవాబు వచ్చింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న కామెంట్ల కాగితం తీసి చూడండి. "ఇంట్రడక్షన్ పెంచండి, రీసెంట్ రిఫరెన్సులు చేర్చండి, ఇంగ్లీషు మెరుగుపరచండి" అని మాత్రమే ఉంటే, అవి ఏ పేపర్‌కైనా అతికే కామెంట్లు. నిజంగా చదివినవాళ్ళు రాసేది వేరేలా ఉంటుంది: పట్టిక 2లో మూడో వరుస మొత్తం పొంతన కుదరడం లేదు, శాంపిల్ ఎంతమందో ఒకచోట 60 అని ఇంకోచోట 58 అని ఉంది, మిగిలిన ఇద్దరూ ఏమయ్యారు, ఫలానా సమీకరణంలో యూనిట్లు సరిపోవడం లేదు. పట్టిక నంబరో, బొమ్మ నంబరో, వాక్యమో ఎత్తిచూపని రివ్యూను రివ్యూ కింద లెక్కపెట్టకండి.

ఇంకో అపోహ కూడా తీరాలి. వారం ప్యాకేజీ నాసిరకం, రెండు నెలల ప్యాకేజీ అసలైనది అని చాలామంది ఎక్కువ డబ్బు పెట్టి రెండోది తీసుకుంటారు. బొహానన్ పరీక్షలో ఒప్పుకోవడానికి పట్టిన సగటు 40 రోజులు, తిప్పికొట్టడానికి పట్టినది 24 రోజులు. ఆలస్యం చదివిన గుర్తు కాదని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. ప్లాస్ వన్ జర్నల్ రెండు వారాల్లో తిరస్కరించింది. ప్రయోగానికి వాడిన కణాల కోసం జంతువులను ఎలా చూసుకున్నారో, అనుమతి పత్రాలు ఎక్కడున్నాయో అడిగింది అదొక్కటే.

బొహానన్ పరీక్షకీ ఒక లోపం ఉంది. చందా తీసుకునే పాత పద్ధతి జర్నళ్ళకు అదే పేపర్ పంపలేదు కాబట్టి, పోల్చి చూడటానికి ఏమీ లేకపోయింది. కంట్రోల్ లేని పేపర్‌తో జర్నళ్ళను పట్టుకున్న పరీక్షకే కంట్రోల్ లేదన్న విమర్శ న్యాయమైనదే. మన విజయవాడలో నాస్తిక కేంద్రం వాళ్ళు మామూలు మనుషుల చేత నిప్పుల మీద నడిపించి చూపించినప్పుడు చేసింది సరిగ్గా ఆ పోలికే: మహిమ ఉందన్నవాడూ నడిచాడు, లేదన్నవాడూ నడిచాడు, ఇద్దరికీ జరిగింది ఒకటే. జర్నళ్ళ విషయంలో ఆ లోటు తీర్చిన పరీక్ష పోలండ్ పరిశోధకులు చేసి 2017లో 'నేచర్'లో ప్రచురించారు. ఆనా ఓ. షుస్ట్ అనే లేని అధ్యాపకురాలి పేరుతో, ఒక్క జర్నల్ పేపరూ లేని బయోడేటాతో, ఎడిటర్‌గా తీసుకోండని 360 జర్నళ్ళకు దరఖాస్తు పెట్టారు. జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ అనుమానాస్పదమని జాబితా కట్టిన జర్నళ్ళు 120, డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జాబితాలోవి 120, అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) ఉన్న, జేసీఆర్ అనే జాబితాలోని జర్నళ్ళు 120. బీల్ జాబితాలో 40 ఆమెను ఎడిటర్‌గా తీసుకున్నాయి. డీఓఏజేలో 8. జేసీఆర్‌లో ఒక్కటీ లేదు.

ప్యాకేజీలో కొసరుగా ఇస్తామనే ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వాన్ని, ఉత్తమ పరిశోధకుడి అవార్డునీ ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. అడిగిన వెంటనే ఇచ్చే బోర్డులో మీ పేరు చేరితే, రేపు ఆ జర్నల్ మీద చర్య వచ్చినప్పుడు మీ కాలేజీ పేరుతో సహా అక్కడే ఉంటుంది. తీసేయమన్నా త్వరగా తీయరు. ఈ కొసరు ఉచితమైనా వద్దు.

సిమిలారిటీ తగ్గించడం అన్న అంశం అన్నిటికన్నా ప్రమాదం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, ఆపైన 40 దాకా, 60 దాకా, 60 దాటితే అని మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి. స్కాలర్ 35 శాతం రిపోర్టు పట్టుకుని వెళ్తే, షాపులో ఒక సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్చి 8కి దింపి ఇస్తారు. పని జరిగిందనే అనిపిస్తుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌కి సాంకేతిక పదమేదో మామూలు మాటేదో తెలియదు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ని 'కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్' అని, బ్రెస్ట్ క్యాన్సర్‌ని 'బూజమ్ పెరిల్' అని, బిగ్ డేటాని 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' అని మార్చేస్తుంది. గియోమ్ కాబనాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో ఇలాంటి మాటలను ఏరి జాబితా కట్టి, వాటిని పట్టుకుని పేపర్లు వెతకడం మొదలుపెట్టారు. పేరున్న ప్రచురణ సంస్థల జర్నళ్ళలోనూ దొరికాయి, రిట్రాక్షన్లు (అచ్చైన పేపర్ల ఉపసంహరణలు) వరసగా వచ్చాయి. సిమిలారిటీ రిపోర్టులో ఆనాడు పాసైన పేపరే ఈ వెతుకులాటలో ఏళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది.

ఇదే పద్ధతిని కావాలని వాడి చేసిన బూటకం 2017లో వచ్చింది. న్యూరోస్కెప్టిక్ అనే కలం పేరుతో రాసే శాస్త్రవేత్త, వికీపీడియాలో మైటోకాండ్రియా పేజీ తీసుకుని, మాటలు అటూ ఇటూ మార్చి, మైటోకాండ్రియా అన్నచోటల్లా 'స్టార్ వార్స్' సినిమాల్లోని కల్పిత కణం మిడిక్లోరియన్ పేరు పెట్టి తొమ్మిది జర్నళ్ళకు పంపారు. మూడు అచ్చేశాయి, ఇంకొకటి ఒప్పుకుని 360 డాలర్లు కట్టమంది. పేపర్ లోపల సినిమా డైలాగు కూడా ఉంది. ఒక్క పేజీ చదివినవాళ్ళకు అనుమానం రావాలి.

కాబట్టి సిమిలారిటీ ఎక్కువ వస్తే మార్గం ఇది: రిపోర్టులో ఎర్రగా వచ్చిన పేరా చూడకుండా, మూలం పక్కన పెట్టేసి, అర్థమైనది మీ మాటల్లో రాయండి, మూలాన్ని ఉటంకించండి. పద్ధతుల భాగంలో పరికరాల పేర్లు, మోతాదులు ఎలాగూ పోలతాయి. వాటిని మార్చొద్దు, గైడ్‌కి చూపించి ఆ పోలిక ఎందుకొచ్చిందో రాసి పెట్టుకోండి. ఇప్పటికే షాపులో మార్పించినవాళ్ళు ఫైలు తెరిచి, మీ సబ్జెక్టులో ముఖ్యమైన పది పదాలను ఒక్కొక్కటిగా వెతకండి. దొరకాల్సిన పదం దొరకకపోతే, దాని స్థానంలో ఏం కూర్చుందో ఆ వాక్యంలో చూసుకోండి.

ఎస్‌పీఎస్‌ఎస్ అనాలిసిస్ దగ్గర "సిగ్నిఫికెంట్ వచ్చేలా చేస్తాం మేడమ్" అనే మాట వినిపిస్తుంది. సిగ్నిఫికెంట్ అంటే కాకతాళీయం కాదనిపించే ఫలితం. ఆ మాట విన్న వెంటనే ఫైలు వెనక్కి తీసుకోండి. అదెలా వస్తుందో 2015లో బొహానన్, ఇద్దరు జర్మన్ డాక్యుమెంటరీ దర్శకులతో కలిసి చాక్లెట్ మీద చేసిన అధ్యయనం చూపించింది. నిజమైన మనుషులు, నిజమైన కొలతలు. చివరికి మిగిలిన 15 మందిని మూడు గుంపులుగా చేసి, మూడు వారాలు నడిపి, బరువు, కొలెస్ట్రాల్, నిద్ర ఇలా 18 కొలతలు తీశారు. ఒక్కో కొలత కాకతాళీయంగా సిగ్నిఫికెంట్ అయ్యే అవకాశం 5 శాతం. ఒక్కటీ కాకుండా ఉండే అవకాశం 0.95ని 18 సార్లు హెచ్చవేస్తే సుమారు 0.40. అంటే ఏదో ఒకటి తగిలే అవకాశం 60 శాతం. వాళ్ళకు తగిలింది బరువు. చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందని రాసి, 600 యూరోలు కట్టి ఒక జర్నల్‌లో అచ్చు వేయించి, పత్రికా ప్రకటన ఇస్తే చాలా దేశాల పత్రికలు ఎత్తుకున్నాయి.

ఎంబీఏ, నర్సింగ్, ఎడ్యుకేషన్ స్కాలర్ల ప్రశ్నావళుల్లో ఇదే జరుగుతుంది. 30 ప్రశ్నలు, నాలుగు వయసు గుంపులు, ఆడా మగా, గుంటూరు వాళ్ళూ కృష్ణా వాళ్ళూ అని అన్నిటినీ అన్నిటితో కలిపి వందలకొద్దీ పరీక్షలు నడిపి, పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా అంత ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.05 లోపు వచ్చినవాటినే పట్టికలో పెట్టి ఇస్తారు. డేటా తీయకముందే ఏ రెండుమూడు పోలికలు ముఖ్యమో గైడ్ సంతకంతో రాసి పెట్టుకోవాలి. షాపుకి అనాలిసిస్ ఇవ్వక తప్పకపోతే అవుట్‌పుట్ ఫైలు మొత్తం, సింటాక్స్‌తో సహా అడిగి తీసుకోండి. వర్డ్‌లో అందంగా టైపు చేసిన పట్టికలే ఇస్తామంటే పని ఇవ్వకండి. ఎన్ని పరీక్షలు చేశారో పేపర్‌లో రాయండి, ఎక్కువైతే 0.05ని పరీక్షల సంఖ్యతో భాగించి ఆ కొత్త గీత లోపు వచ్చినవాటినే లెక్కించండి.

ఇక ఐఎస్ఎస్ఎన్, డీఓఐ, సర్టిఫికెట్. ఐఎస్ఎస్ఎన్ అనేది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిది అంకెల నంబరు. నాణ్యత చూసి ఇచ్చేది కాదు. కొన్ని ప్రకటనల్లో నంబరు కూడా ఉత్తుత్తిదే, దాన్ని కాగితం మీదే పట్టుకోవచ్చు. మొదటి ఏడు అంకెలను వరసగా 8, 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడండి, 11తో భాగించి శేషం తీయండి, 11లోంచి ఆ శేషం తీసేస్తే వచ్చేది చివరి అంకె కావాలి. శేషం సున్నా అయితే చివరి అంకె సున్నా, తీసివేత 10 వస్తే చివర ఎక్స్ అక్షరం ఉంటుంది. ఉదాహరణకు 0317-8471: సున్నా, 21, 6, 35, 32, 12, 14 కూడితే 120, శేషం 10, 11లోంచి 10 పోతే 1. చివరి అంకె 1, సరిపోయింది. లెక్క తప్పితే నంబరు తప్పు. లెక్క సరిపోతే ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో వెతికి, అక్కడున్న పత్రిక పేరూ ప్రకటనలోని పేరూ ఒకటేనా చూడండి. డీఓఐ కూడా అంతే, దస్తావేజుకి చిరునామా. సెర్న్ నడిపే జెనోడోలో ఎవరైనా తమ ఫైలు పెట్టి ఉచితంగా డీఓఐ తీసుకోవచ్చు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకె క్లారివేట్ సంస్థ జేసీఆర్‌లో ఉన్నదొక్కటే. ముందు ఏదో ఒక విశేషణం తగిలించి వచ్చే మిగతా ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను వదిలేయండి.

"యూజీసీ అప్రూవ్డ్" అన్న మాటకు ఇప్పుడు అర్థం లేదు. 2018 మేలో యూజీసీ తన జాబితాలోంచి ఒకేసారి 4,305 జర్నళ్ళను తీసేసింది. తర్వాత కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, మంచి చెడ్డలు విద్యాసంస్థలే చూసుకోమంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా ఆ షరతు ఉంచుకుందేమో రీసెర్చ్ సెక్షన్‌లో కాగితం మీద అడిగి తెలుసుకోండి. అవసరమే లేని పేపర్‌కి డబ్బు కట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు.

స్కోపస్ ప్యాకేజీ అడిగేవాళ్ళు దీనికైనా నాణ్యత ఉంటుందనుకుంటారు. స్కోపస్ సోర్సెస్ పేజీ అందరికీ ఉచితంగా తెరుచుకుంటుంది. అక్కడ జర్నల్ పేరు కొట్టి, కవరేజీ ఏ ఏడాదిదాకా ఉందో, పక్కన కవరేజీ ఆపేసినట్టు రాసి ఉందో చూడండి. షాపువాళ్ళు చూపించే స్క్రీన్‌షాట్‌లో ఆ వరుస కత్తిరించి ఉండొచ్చు. అసలు జర్నల్ పేరూ ఐఎస్ఎస్ఎన్నూ దొంగిలించి నకిలీ వెబ్‌సైట్ పెట్టి డబ్బు వసూలు చేసేవీ ఉన్నాయి కాబట్టి, స్కోపస్ పేజీలో ఉన్న ప్రచురణకర్త పేరుతో వెబ్‌సైట్‌ని సరిపోల్చుకోండి. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ వాళ్ళు అలాంటి నకిలీల జాబితా ఉచితంగా పెట్టారు. స్పెషల్ ఇష్యూలో వేయిస్తామంటే ఇంకా జాగ్రత్త. వైలీ సంస్థ కింద ఉన్న హిందావి జర్నళ్ళలో 2023లో 8,000కు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి, వాటిలో ఎక్కువ స్పెషల్ ఇష్యూల్లోవే.

ఇంజినీరింగ్ కాలేజీల కాన్ఫరెన్స్ ప్యాకేజీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు 2005లో సైజెన్ అనే ప్రోగ్రాం రాశారు. బటన్ నొక్కితే గ్రాఫులూ రిఫరెన్సులతో అర్థంలేని కంప్యూటర్ సైన్స్ పేపర్ తయారవుతుంది. ఒక పెద్ద కాన్ఫరెన్స్ అందులో ఒకదాన్ని ఒప్పుకుంది. 2014లో ప్రచురణకర్తలు స్ప్రింగర్, ఐట్రిపుల్ఈ కలిపి 120కి పైగా అలాంటి పేపర్లను తమ ప్రొసీడింగ్స్‌లోంచి తీసేయాల్సి వచ్చింది. పెద్ద పేరు ఉన్నచోటా ఎవరు చదువుతున్నారన్న ప్రశ్న అడగాల్సిందే.

ఇవన్నీ చదివి, మనమూ ఒక బూటకపు పేపర్ పంపి షాపువాళ్ళను పట్టిద్దామని కొందరికి అనిపిస్తుంది. వద్దని గట్టిగా చెబుతాం. సొంత పేరుతో పంపితే అది అచ్చయి మీ పేరు మీదే ఉండిపోతుంది. కాలేజీ అనుమతి లేకుండా చేస్తే చర్య మీ మీదే వస్తుంది: 2017, 2018లో పీటర్ బొఘోసియన్, ఇంకో ఇద్దరూ కలిసి సామాజిక శాస్త్రాల జర్నళ్ళకు 20 బూటకపు పేపర్లు పంపితే 7 అంగీకారం పొందాయి, కానీ ఎడిటర్లూ రివ్యూయర్లూ కూడా మనుషులే, వాళ్ళ మీద ప్రయోగానికి అనుమతి తీసుకోలేదని బొఘోసియన్ అప్పట్లో పనిచేసిన యూనివర్సిటీ తప్పుపట్టింది. 1996లో 'సోషల్ టెక్స్ట్' పత్రికను బూటకపు వ్యాసంతో పట్టుకున్న భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్ కూడా, ఆ ఒక్క వ్యాసంతో ఒక రంగమంతా తప్పని రుజువు కాదని తనే రాశారు. మీకు కావాల్సింది జర్నల్ పరువు తీయడం కాదు, మీ పేపర్ అక్కడికి పంపచ్చా లేదా తెలుసుకోవడం. దానికి ఆ జర్నల్ తాజా సంచిక తెరిచి మీ సబ్జెక్టులో మూడు పేపర్లు తీయండి. గ్రాఫ్ చూసి కింద రాసిన వాక్యంతో పోల్చండి. కంట్రోల్ ఏదో వెతకండి. అక్షాల మీద యూనిట్లు చూడండి. వింత పదబంధాలు వెతకండి. మూడింటిలో రెండు ఇక్కడే ఆగిపోతే, అక్కడ చదివే ఎడిటర్ లేడు. తర్వాత ఎడిటోరియల్ బోర్డులో ఒకరి పేరు తీసుకుని, వాళ్ళ యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిల్‌కి (జర్నల్ వెబ్‌సైట్‌లో ఉన్నదానికి కాదు) రాసి, ఈ జర్నల్‌కి మీరు పనిచేస్తున్నారా అని అడగండి.

ఫార్మాటింగ్ మాత్రం మన ఊళ్ళలో బాగా చేస్తారు. రెండు కాలమ్స్ అమరిక, సమీకరణాలు, రిఫరెన్సుల స్టైలు, 300 డీపీఐ బొమ్మలు అన్నీ తెలిసిన డీటీపీ ఆపరేటర్లు గుంటూరు, విజయవాడ రెండుచోట్లా ఉన్నారు. ఆ పనికి పేజీ లెక్కన విడిగా బిల్లు అడగండి, ప్యాకేజీ అంటే వద్దనండి. వర్డ్ ఫైలులో ట్రాక్ ఛేంజెస్ పెట్టి ఇవ్వమనండి, ఏ వాక్యం ముట్టుకున్నారో తెలియాలి. సబ్మిషన్ మీ చేత్తో మీరే చేయండి. కరస్పాండింగ్ ఆథర్ మెయిల్ మీదే ఉండాలి. షాపువాళ్ళ మెయిల్ పెడితే రివ్యూయర్ కామెంట్లు, ప్రూఫులు, కాపీరైట్ ఫారం అన్నీ వాళ్ళకే వెళ్తాయి, మధ్యలో తెలియని పేర్లు రచయితలుగా చేరినా మీకు తెలియదు. అచ్చు రుసుము ఉంటే అంగీకారం వచ్చాక జర్నల్ వెబ్‌సైట్‌లోనే కట్టాలి, ఎవరో వ్యక్తి యూపీఐకి కాదు.

ఇప్పటికే డబ్బు కట్టేసి, పేపర్ ఇంకా అచ్చుకాని వాళ్ళు ఈ రోజే చేయాల్సింది ఉంది. కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకండి. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని రచయితలందరి పేర్లతో జర్నల్‌కి మెయిల్ రాసి, గైడ్‌కి కాపీ పెట్టండి. విత్‌డ్రాయల్ ఫీజు అడుగుతారు. హైదరాబాద్ నుంచి నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో రుసుముల సంగతి ముందు చెప్పకపోవడం, పేపర్ వెనక్కి ఇవ్వకపోవడం, రివ్యూ జరిగిందని అబద్ధం చెప్పడం ఇవే ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. సబ్మిట్ చేసేటప్పుడు కనిపించని ఫీజు తర్వాత అడిగితే, ఆ షరతు అప్పుడు వెబ్‌సైట్‌లో ఎక్కడుందో చూపించమని మెయిల్‌లోనే అడగండి. ఉపసంహరణ ఖాయమైనట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా అదే పేపర్‌ని ఇంకో జర్నల్‌కి పంపకండి, రెండుచోట్లా అచ్చయితే తప్పు మీదవుతుంది. మెయిళ్ళు, చెల్లింపు రసీదులు, వాట్సాప్ చాట్లు తేదీలతో ఒక ఫోల్డర్‌లో దాచి, అవి తీసుకుని గైడ్‌ని కలవండి.